గొట్టం, గ్యాసు, వెల్డింగు: తుప్పు బోల్టుల మరమ్మతులో పాతుకుపోయిన పొరపాటు

పదేళ్లు దాటిన పికప్ బండి అడుగున తుప్పు పట్టి బిగుసుకుపోయిన బోల్టును విప్పడానికి కావలసింది బలమేననీ, చేతిబలం చాలకపోతే పానాకు ఇనుప గొట్టం తొడిగి లాగాలనీ, ఆ లాగుడుకు బోల్టు విరిగితే విరగనిచ్చి గ్యాస్ కటింగుతో కోసి తీసేయాలనీ, తీసిన చోట చేతికి దొరికిన కొత్త బోల్టు వేయడమో, ఏకంగా వెల్డింగు పెట్టేయడమో చేస్తే పని ముగిసినట్టేననీ ఒక అభిప్రాయం మన మరమ్మతు షెడ్లలో స్థిరపడి ఉంది. పని నేర్చుకునే కుర్రవాడికి మొదట అబ్బేది ఈ క్రమమే. యజమాని మారుమాట లేకుండా బిల్లు కట్టేదీ ఈ క్రమానికే. సమయం కలిసివస్తుందన్నది దీనికి అండగా చెప్పే ప్రధాన కారణం. అయితే తుప్పు బోల్టును ఎలా పట్టుకుంటుందో, ఆ బోల్టు బండిలో ఏ పని చేస్తుందో తెలుసుకుని చూస్తే, ఇందులో ప్రతి మెట్టూ తర్వాతి మెట్టును తప్పనిసరి చేసే పొరపాటేనని తేలుతుంది. గొట్టం బోల్టును విరగ్గొడుతుంది, విరిగింది కాబట్టి గ్యాసు వస్తుంది, గ్యాసు రంధ్రాన్ని పాడుచేసింది కాబట్టి వెల్డింగు వస్తుంది.

ఈ చర్చకు ఆంధ్ర తీరం కంటే తగిన చోటు దొరకదు. భీమవరం, ఆకివీడు, కైకలూరు ప్రాంతాల చెరువుల నుంచి రొయ్యలనూ చేపలనూ చేరవేసే బొలేరో పికప్పులూ, టాటా 207లూ, విశాఖపట్నం, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో చేపల ట్రేలు ఎక్కించుకునే చిన్న బండ్లూ, నౌపడా, చినగంజాం ఉప్పు మడుల దారుల్లో తిరిగేవీ ఏడాది పొడవునా ఉప్పు తడిలో నానుతూనే ఉంటాయి. లోడ్ బాడీలో ఐసు కరిగి, సరుకు మీది ఉప్పునీటితో కలిసి, అడుగు రేకుల సందుల్లోంచి ఛాసిస్ పట్టాల మీదికీ, అక్కడి నుంచి కమాన్ కట్టలను యాక్సిల్‌కు బిగించి ఉంచే యూ బోల్టుల మీదికీ కారుతుంది. ఉప్పుగాలి తగలని లోపలి జిల్లాల్లో అదే వయసు బండి బోల్టులు చాలావరకు చేతి పానాకే లొంగుతాయి. మంచు కురిసే దేశాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు కూడా ఇదే పని చేస్తుంది; అమెరికాలో టకోమా వంటి పికప్పుల ఛాసిస్‌లను తుప్పు తినేస్తోందన్న వ్యాజ్యంలో టొయోటా కంపెనీ 2016లో 340 కోట్ల డాలర్ల దాకా విలువ కట్టిన రాజీకి ఒప్పుకోవలసి వచ్చింది. ఛాసిస్ పట్టానే తినేయగల ఉప్పుకు దాని మీది బోల్టు ఒక లెక్కలోది కాదు.

తుప్పు పట్టు ఎక్కడుందో తెలియకపోవడం మొదటి తప్పు. బోల్టు మరలూ నట్టు మరలూ అన్ని వైపులా ఒకదానికొకటి అంటుకుని ఉండవు. బిగించినప్పుడు ఒక వైపు లోహం లోహాన్ని నొక్కుతుంటే, రెండో వైపు వెంట్రుకవాసి సందు మిగులుతుంది. ఆ సందులోకి ఉప్పునీరు తనంతట తానే పాకి, గాలి తగలక, ఎండక అక్కడే నిలిచిపోతుంది. ఉప్పులోని క్లోరైడ్ ఇనుము మీద ఏ రక్షణ పొరనూ నిలవనివ్వదు. పైగా ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది కాబట్టి, మూలంలో విద్యుత్ రసాయన చర్య అయిన తుప్పు వేగం పుంజుకుంటుంది. ఇనుము తుప్పుగా మారితే అది ఆక్రమించే చోటు అసలు లోహానికి రెండింతల నుంచి, తడిని కలుపుకున్న రకాల్లో ఆరింతల దాకా పెరుగుతుంది; మరల సందు మాత్రం పెరగదు. ఆ కొద్ది చోటులో తుప్పు చీల దిగగొట్టినట్టు కూరుకుపోయి గట్టిపడుతుంది. అంటే పట్టు ఉన్నది మరల సందులో, గొట్టం బలం పడుతున్నది బోల్టు తల మీద, ఈ రెండింటికీ మధ్య ఉన్నది బోల్టు కాడ. తలకు ఎంత బలం ఇచ్చినా అది తుప్పును చేరేలోపు కాడను మెలితిప్పాలి. విరిగేది కాడే.

దీన్ని లెక్కలోనూ చూపవచ్చు. మెలితిప్పే బలాన్ని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. మీటరు పొడవున్న కడ్డీ చివర సుమారు 100 గ్రాముల బరువు వేలాడదీస్తే రెండో చివర కలిగే మెలిక ఒక న్యూటన్ మీటరు. మర వెలుపలి వ్యాసం 12 మిల్లీమీటర్లు కాబట్టి ఎం12 అని పిలిచే బోల్టును, తల మీద 8.8 అన్న గుర్తు ఉన్న రకమైతే, సాధారణంగా 80 న్యూటన్ మీటర్ల దగ్గర బిగిస్తారు. మరలు పూర్తిగా పట్టేసినప్పుడు దాని కాడ తెగకుండా ఓర్చుకోగల మెలిక దీనికి రెండింతలలోపే ఉంటుంది. తుప్పు కాడను సన్నబరిచి ఉంటే అంత కూడా ఉండదు. ఇప్పుడు మీటరు గొట్టం చివర 50 కిలోల బరువుతో ఒక మనిషి వేలాడితే బోల్టు మీద పడేది దాదాపు 490 న్యూటన్ మీటర్లు. బిగించిన బలానికి ఇది ఆరింతలు, కాడ ఓర్పుకు మూడింతలు. గొట్టం పట్టినవాడికి తాను 150 దగ్గర ఉన్నాడో 400 దగ్గర ఉన్నాడో తెలిసే మార్గం లేదు. పొట్టి పానాతో లాగేటప్పుడు చేతికి అందే సమాచారాన్ని గొట్టం చంపేస్తుంది. దాని అసలు దోషం అదే, బలం ఎక్కువన్నది ఆ తర్వాతి మాట.

ఆ సమాచారం ఎంత విలువైనదో తెలియాలంటే వెనుక యాక్సిల్ కింద యూ బోల్టు నట్టును దగ్గరగా చూడాలి. నట్టు కింద బోల్టు తోక అంగుళం దాకా బయటికి వేలాడుతుంది. దాని మరల నిండా బురద, ఉప్పు, తుప్పు కలిసి పెచ్చు కట్టి ఉంటాయి. నట్టు మొదటి పట్టు వదిలాక నడవవలసింది ఈ పెచ్చు మీదుగానే. అందువల్ల తోకను ముందే వైరు బ్రష్షుతో లోహం మెరిసేదాకా తోమి నూనె పెట్టనివారు, అప్పటికే వదులైన నట్టును సగం దారిలో మళ్లీ బిగదీసి, గెలిచిన ఆటను ఓడిపోతారు. షెడ్లలో విరిగే యూ బోల్టుల్లో ఇలా విరిగేవి తక్కువేమీ కావు. పానాకు నట్టు కదిలినప్పుడు టక్కుమని శబ్దం వచ్చి పట్టు వదిలితే తెగింది తుప్పు. శబ్దం లేకుండా మెత్తగా, సాగుతున్నట్టుగా తిరిగితే మెలిపడుతున్నది కాడ, అక్కడ ఆపేయాలి. తిరుగుతూ కీచుమంటే మర పొడిబారింది, నూనె అడుగుతోంది. పావు చుట్టు విప్పి, అందులో సగం వెనక్కి బిగించి, మళ్లీ విప్పుతూ పోతే ఎర్రటి పొడి నూనెతో కలిసి మరల చివర నుంచి బయటికి వస్తుంది. ఒకే దిక్కుకు లాగితే అదే పొడి ముందుకు తోసుకుపోయి పేరుకుంటుంది. అసలు మొదటి కదలికే విప్పే దిక్కున కాక బిగించే దిక్కున రవ్వంత ఇవ్వడం మంచిది, ఎందుకంటే తుప్పు బంధానికి తెగడమే ముఖ్యం, ఏ దిక్కున తెగిందన్నది కాదు. తలను పట్టే పానా కూడా ఆరు మూలలనూ చుట్టుముట్టే రింగు పానా గానీ ఆరు మూలల సాకెట్టు గానీ అయి ఉండాలి. రెండు మూలలనే పట్టే డబుల్ ఎండ్ పానా తుప్పు తలను గుండ్రంగా అరగదీసి, ఆ తర్వాత ఏ పనిముట్టుకూ పట్టు లేకుండా చేస్తుంది.

సుత్తి దెబ్బ కూడా బలమే కదా, ఇంపాక్ట్ గన్ చేసేదీ అదే కదా అని ఒక ఆక్షేపణ రావచ్చు. ఎడతెగని లాగుడుకూ క్షణికమైన దెబ్బకూ తేడా ఉంది. తుప్పు పెళుసు పదార్థం, ఉక్కు సాగే పదార్థం. చిన్న చిన్న దెబ్బలు పెళుసుదాన్ని పగలగొడతాయి, సాగేదాన్ని అంతగా బాధించవు; ఎడతెగని మెలిక మాత్రం రెండింటినీ ఒకేలా బాధించి, బలహీనమైనదాన్ని ముందు తెంచుతుంది. నట్టుకు ఒక పక్కన బరువైన ఇనుప దిమ్మె ఆనించి ఎదుటి పక్కన కొట్టే దెబ్బలు, తగ్గించిన బలంతో నడిపిన ఇంపాక్ట్ గన్, ఈ కారణం చేతనే గొట్టం కంటే మేలు.

నూనె విషయంలో వ్యతిరేకుల వాదన ఒకటుంది: డీజిలు పోసి చూశాం, కిరసనాయిలు పోసి చూశాం, ఏమీ కాలేదు. పోసి ఎంతసేపు ఆగారన్నది అసలు ప్రశ్న. మరల సందులోకి నూనె పాకడానికి గంటలు పడుతుంది. పోసిన ఐదు నిమిషాలకే పానా అందుకునేవారు నూనెను పరీక్షించినట్టు కాదు. షెడ్లలో మందులా వాడే డబ్ల్యూడీ-40 కూడా 1953లో అమెరికాలోని శాన్ డియేగోలో లోహం మీది తడిని తరిమి తుప్పును అడ్డుకోవడానికి తయారైన ద్రవం. పట్టేసిన మరల కోసమే చేసిన నూనెలు వేరుగా దొరుకుతాయి, వాటి ఖరీదు ఒక యూ బోల్టు సెట్టు ఖరీదును మించదు. పని ముందురోజు సాయంత్రం ఒకసారి, రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి నూనె పెట్టి, మధ్యలో సుత్తితో తట్టడానికి మెకానిక్ సమయం పావుగంటకు మించి ఖర్చు కాదు. మిగతాది నూనె సమయం, దానికి కూలి లేదు.

గ్యాసును ఈ వ్యాసం పూర్తిగా కాదనడం లేదు. మంట తప్పు కాదు, మంటను కత్తిగా మాత్రమే వాడటం తప్పు. ఉక్కు ప్రతి డిగ్రీ వేడికీ తన పొడవులో పది లక్షల్లో సుమారు 12 వంతులు వ్యాకోచిస్తుంది. నట్టును మాత్రమే 300 డిగ్రీలు వేడి చేసి, బోల్టుకు ఆ వేడి ఇంకా ఎక్కకముందే చూస్తే, 12 మిల్లీమీటర్ల రంధ్రం 0.04 మిల్లీమీటర్ల మేర పెద్దదవుతుంది. కంటికి ఆనని ఈ తేడా పెళుసు తుప్పును పగులగొట్టడానికి చాలు. చల్లారుతున్నప్పుడు అంచున పెట్టిన నూనెను ఆ పగుళ్లే లోపలికి పీల్చుకుంటాయి. ముందు నూనె పోసి తర్వాత మంట పెట్టడం మాత్రం ఒళ్లు కాల్చుకునే పని. నట్టు ఎర్రబడేదాకా కాల్చడమూ అనవసరం, హానికరం. 8.8, 10.9 తరగతుల బోల్టులకు బలం వచ్చేది వాటిని ఎర్రగా కాల్చి చల్లార్చి, మళ్లీ కనీసం 425 డిగ్రీల దగ్గర పదును పెట్టడం వల్ల. ఆ వేడిని దాటించిన బోల్టు పైకి పాతదానిలాగే ఉన్నా మెత్తబడిపోతుంది. అందుకే మంట తగిలిన బోల్టు ఎంత చక్కగా ఊడివచ్చినా పాత సామాన్ల డబ్బాలోకే పోవాలి. కమాన్ బుష్షుల రబ్బరు, బ్రేకు పైపులు, డీజిలు ట్యాంకు దగ్గరలో ఉన్న చోట మంట అసలే పనికిరాదు. పికప్పు అడుగున ఇవి దగ్గరలో లేని చోట్లు కొన్నే. అటువంటి చోట మంట లేకుండా తీగచుట్టతో నట్టును మాత్రమే కాల్చే ఇండక్షన్ హీటరు వాడవచ్చు, లేదా సన్నని కటింగ్ వీలుతో నట్టును నిలువునా బోల్టు మర తగిలేదాకా కోసి ఉలితో చీల్చవచ్చు. నట్టు పోతుంది, బ్రాకెట్టూ రంధ్రమూ మిగులుతాయి.

ఇంత చేసినా కొన్ని విరుగుతాయి. విరిగిన ముక్క రంధ్రంలో ఉండిపోతే దానిలోకి డ్రిల్లు దించి, ఎదురు మరలున్న ఎక్స్‌ట్రాక్టర్ అనే పనిముట్టును బిగించి తిప్పడం పుస్తకాల్లో కనిపించే పద్ధతి. మరలు పట్టేయకుండానే తల తెగి విరిగిన బోల్టుకు అది సరిపోతుంది, తుప్పు వల్ల విరిగినదానికి చాలాసార్లు సరిపోదు. మొత్తం తల ఉన్నప్పుడే కదలని బోల్టు దాని నడుమ సగం మందం రంధ్రం చేసి తిప్పితే కదులుతుందనుకోవడం అత్యాశ. పైగా ఎక్స్‌ట్రాక్టర్ చాలా గట్టి, చాలా పెళుసు ఉక్కు. లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాన్ని తొలవలేదు. ముక్క పైకి కాస్తయినా కనిపిస్తుంటే దాని మీద కొత్త నట్టును ఆనించి రంధ్రంలోంచి వెల్డింగు చేసి, ఎరుపు చల్లారాక పానాతో ముందుకూ వెనక్కూ ఆడించడం మేలైన దారి, ఎందుకంటే ఆ వెల్డింగు కొత్త తలనూ ఇస్తుంది, మరల బంధాన్ని పగులగొట్టే వేడినీ ఇస్తుంది. మన వెల్డర్ల చేతిలో ఈ నేర్పు ఉంది, దాన్ని అడిగేవారు తక్కువ. అదీ కుదరకపోతే నడిమధ్యన పంచితో గుర్తు పెట్టి, ఎం10 బోల్టుకైతే 8.5 మిల్లీమీటర్ల డ్రిల్లుతో తొలిచి, ట్యాపుతో మరలను శుభ్రం చేసుకోవచ్చు. డ్రిల్లు పక్కకు జారితే పని పాడవుతుంది కాబట్టి ఓపిక లేనివారు దీని జోలికి పోకపోవడమే మంచిది.

విరిగిన చోట వెల్డింగు పెడితే ఇక జన్మలో ఊడదన్న మాట షెడ్లలో పొగడ్తగా వినిపిస్తుంది. బోల్టు చేసే పని ఊడకుండా ఉండటమే అనుకోవడం వల్ల పుట్టిన మాట అది. 80 న్యూటన్ మీటర్లతో బిగించిన ఎం12 బోల్టు తన కింది రెండు పలకలను మూడు టన్నులకు పైగా బలంతో ఒకదానికొకటి అదిమి ఉంచుతుంది. ఆ అదుముడు వల్ల కలిగే రాపిడే పలకలను జారనివ్వదు. కమాన్ కట్టల నడుమ ఉండే సెంటర్ బోల్టు యాక్సిల్‌ను దాని చోట నిలిపే గుర్తు మాత్రమే. లోడు, బ్రేకు, గుంతల తాకిడి అన్నీ మోసేది యూ బోల్టుల బిగింపే. అది సడలిన బండిలో సెంటర్ బోల్టు తెగుతుంది, కమాన్ పట్టీలు ఆ రంధ్రం దగ్గరే విరుగుతాయి, యాక్సిల్ వంకరపడుతుంది. అంచున పెట్టిన వెల్డింగు ఈ అదుముడును ఇవ్వలేదు. ఇచ్చేదల్లా ఒక గట్టి గీత, ఆ గీత పక్కనే వేడికి గుణం మారిన ఉక్కు, ప్రతి గుంతకూ అక్కడ మొదలయ్యే పగులు. ఛాసిస్ పట్టా పై అంచుకూ కింది అంచుకూ వెల్డింగు వద్దని, రంధ్రాలూ వద్దని బాడీ కట్టేవారికి కంపెనీలు ఇచ్చే సూచనలు హెచ్చరించేది వంగుడు బలం ఎక్కువగా పడేది ఆ అంచుల మీదే కాబట్టి.

కోసిన చోట చేతికి దొరికిన బోల్టు వేయడమన్నది అన్నిటికన్నా చిన్నదిగా కనిపించే పెద్ద తప్పు. తల మీద ఏ అంకె లేని బజారు బోల్టు, లేదా 4.6 తరగతి బోల్టు, చూడటానికి అదే లావు, అదే పొడవు. 8.8 అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల దాకా లాగుడు ఓర్చుకునే ఉక్కు, 4.6 అంటే 400 దాకానే. సాగిపోవడం మొదలయ్యే హద్దు మొదటిదానికి 640, రెండోదానికి 240. సగం బలం కూడా లేని బోల్టును మెకానిక్ పాతదాని అలవాటు కొద్దీ అంతే బలంగా బిగిస్తాడు, అది బిగింపులోనే సాగి, పది ట్రిప్పులకు వదులవుతుంది. స్టెయిన్‌లెస్ వేస్తే తుప్పు గొడవే ఉండదన్న సలహా కూడా ఈ కోవలోదే. బజారులో దొరికే ఏ2-70 రకం స్టెయిన్‌లెస్ 450 దగ్గరే సాగుతుంది, పైగా దాని మరలు ఒకదానికొకటి రాసుకుని అతుక్కుపోయే గుణం ఉన్నవి. తుప్పు లేకుండానే పట్టేసే బోల్టును తెచ్చి పెట్టుకున్నట్టవుతుంది. ఒకసారి పూర్తి బిగింపుకు సాగి ఊడదీసిన యూ బోల్టులను సైతం మళ్లీ వేయకూడదు, కొత్త సెట్టు వేసి, కొంత దూరం లోడుతో నడిచాక మరోసారి బిగించాలి.

పాత బండికి ఇంత శ్రద్ధ దండగ అన్నది చివరికి మిగిలే వాదన. బండి పాతబడేకొద్దీ దాని కిందికి దూరవలసిన సందర్భాలు పెరుగుతాయే గాని తగ్గవు. రవాణా వాహనానికి మొదటి ఎనిమిదేళ్లూ రెండేళ్లకోసారి జరిగే ఫిట్‌నెస్ పరీక్ష ఆ తర్వాత ఏటా జరుగుతుంది. బుష్షులు, కమాన్ పట్టీలు, షాక్ అబ్జార్బర్లు ఆ వయసులోనే వరసగా మార్పుకొస్తాయి. ఈ ఏడు వెల్డింగు పెట్టిన జాయింటును వచ్చే ఏడు విప్పవలసినవాడు మళ్లీ గ్యాసే అందుకుంటాడు, ప్రతిసారీ బ్రాకెట్టులో కొంత లోహం పోతుంది, మూడో మాటుకు బ్రాకెట్టే మార్చవలసివస్తుంది. ట్రిప్పు పోతుందన్న డ్రైవరు ఆందోళన నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసేయనవసరం లేదు. అందుకే మడ్‌గార్డు క్లాంపు, సైలెన్సర్ వేలాడే బ్రాకెట్టు, నంబరు ప్లేటు వంటి భారం మోయని చోట్ల కోసి పారేయడాన్ని ఎవరూ తప్పుపట్టరు. యాక్సిల్‌నూ, స్టీరింగునూ, బ్రేకునూ, ఛాసిస్‌నూ పట్టి ఉంచే బోల్టుకు ఆ మినహాయింపు చెల్లదు.

అడుగున నల్ల రంగో వాడేసిన ఇంజను ఆయిలో కొట్టించి తుప్పుకు కట్టడి చేశామనుకోవడం కూడా మానాలి. అప్పటికే పట్టిన తుప్పు మీద వేసిన రంగు దాని కింది ఉప్పునూ తడినీ దాచిపెడుతుంది, పాత ఆయిలు బుష్షుల రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. కొత్త బోల్టు వేసేటప్పుడే మరలకు రాగి పొడి కలిసిన యాంటీ సీజ్ పేస్టు పూయడం, అది రాపిడిని తగ్గిస్తుంది కాబట్టి బిగించే బలాన్ని నాలుగో వంతు దాకా తగ్గించడం, చేపల లోడు దింపిన రోజు అడుగు భాగాన్ని మంచినీటితో కడగడం, లోడ్ బాడీలో కరిగిన నీరు ఛాసిస్ మీద పడకుండా వెనక్కి పోయేలా ఒక గొట్టం పెట్టించడం పదేళ్ల తర్వాత రాబోయే ఖర్చును ఈరోజే తప్పిస్తాయి. అంతవరకూ పాత పికప్పు ఉన్న ప్రతి యజమానీ రెండు పనులు అలవాటు చేసుకోవాలి: షెడ్డుకు పంపే ముందురోజు సాయంత్రమే విప్పవలసిన బోల్టులను తోమించి నూనె పెట్టించడం, బండి తిరిగి వచ్చాక కిందికి వంగి కొత్త బోల్టు తల మీద 8.8 గానీ 10.9 గానీ ఉందో లేదో చూసుకుని ఆ తర్వాతే బిల్లు చెల్లించడం.